గ్యాస్ అయిపోలేదు, ఫ్యాన్ తిరగలేదు

ఏప్రిల్‌లో అమ్మను కార్లో తిరుమలకి తీసుకెళ్తుంటే అలిపిరి చెకింగ్ దగ్గర బండ్ల వరుసలో ఇరుక్కున్నాం. పొద్దున పదకొండు గంటలు, ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. చిత్తూరులో బయల్దేరినప్పటి నుంచి హైవే మీద చక్కగా చల్లగా వచ్చిన ఏసీ, బండి ఆగిన ఐదు నిమిషాలకే వేడి గాలి కొట్టడం మొదలుపెట్టింది. "ఏసీ వేసినావా లేదారా, ఉక్కపోస్తా ఉండాది" అని వెనక సీట్లోంచి అమ్మ. ఆమెకు బీపీ ఉంది, నాకు టెన్షన్. అద్దాలు దించేశాం. చెకింగ్ అయ్యి ఘాట్ రోడ్డు ఎక్కి కాస్త వేగం అందుకోగానే మళ్ళీ చల్లబడింది.

ఆ ఒక్క సంగతి నేను అప్పుడే పట్టించుకుని ఉంటే 3,000 రూపాయలు మిగిలేవి. కదిలితే చల్లగా, ఆగితే వేడిగా. జబ్బు ఏమిటో బండి అక్కడే చెప్పేసింది.

తిరిగొచ్చాక ఒక షాపుకి తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తకముందే "గ్యాస్ అయిపోయిండాది సార్" అన్నాడు. 1,500 తీసుకుని గ్యాస్ కొట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ. మళ్ళీ వెళ్తే మళ్ళీ 1,500, మళ్ళీ గ్యాస్. లోపల ఎంత ఉందో చూడలేదు, ఎంత ఎక్కించాడో తూకం వెయ్యలేదు. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు, ఎందుకంటే ఎండాకాలంలో మన ఊళ్ళో ప్రతివాళ్ళకీ ఇదే జరుగుతోంది.

ఒక్కటి గట్టిగా చెప్తాను. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ నొక్కిన గ్యాస్ రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవం అవుతుంది, డాష్‌బోర్డు లోపలి కాయిల్‌లో మళ్ళీ ఆవిరై అక్కడి వేడిని లాక్కుంటుంది, తిరిగి కంప్రెసర్‌కే వస్తుంది. అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాల్లోంచి, సీళ్ళలోంచి కొద్దికొద్దిగా పోవచ్చు, కానీ వారంలో అయిపోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు వెతకకుండా గ్యాస్ కొట్టడమంటే చిల్లుబిందెలో నీళ్ళు పోయడమే. నా బండిలో అసలు లీకే లేదు.

చివరికి ఒక స్నేహితుడు చెబితే రేణిగుంట రోడ్డులో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు ఏమీ విప్పలేదు. ఏసీ వేసి, బండి స్టార్ట్‌లో ఉంచమని, బానెట్ ఎత్తి నిలబడి విన్నాడు. కంప్రెసర్ క్లచ్ 'టక్'మని పట్టింది. గ్యాస్ ప్రెషర్ చూపే నీలం, ఎరుపు మీటర్లు తగిలించాడు. ఎక్కువ ప్రెషర్ చూపే ఎరుపు మీటర్ ముల్లు ఎక్కుతూనే ఉంది, 300 పీఎస్‌ఐ దాటింది, కాసేపటికి కంప్రెసర్ దానంతటదే ఆగిపోయింది. ప్రెషర్ మరీ పెరిగితే స్విచ్ దాన్ని ఆపేస్తుందట, లేకపోతే గొట్టాలు పగులుతాయి. తర్వాత ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. బకెట్‌లో నీళ్ళు తెచ్చి ముందు జాలీలోంచి కండెన్సర్ మీద మెల్లగా పోశాడు. ముల్లు దిగింది, కంప్రెసర్ మళ్ళీ పట్టింది, లోపల కూర్చున్న నాకు రెండు నిమిషాల్లో చల్లగాలి తగిలింది. "గ్యాస్ ఉండాది సార్. వేడి బయటికి పోయే దారే లేదు. ఫ్యాన్ తిరగతా లేదు చూడు" అన్నాడు.

కండెన్సర్ మీదికి గాలి లాగే ఆ ఫ్యాన్ నిజంగానే తిరగడం లేదు. ఫ్యూజు, రిలే బాగున్నాయి. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చినా కదల్లేదు, స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద తడితే తిరిగింది. మోటారు లోపల కరెంటు అందించే బ్రష్‌లు అరిగిపోయాయి. హైవే మీద ఫ్యాన్ చెయ్యాల్సిన పని ఎదురుగాలే చేసేది, ఆగితే ఆ గాలి లేదు. కొత్త మోటారుకి 2,800 అయింది. పైగా రెండుసార్లు అనవసరంగా కొట్టిన గ్యాస్ వల్ల కూడా ప్రెషర్ పెరిగింది కాబట్టి, ఉన్నదంతా మెషీన్‌లోకి లాగి, గొట్టాల్లోని గాలి, తేమ పోయేలా అరగంట వాక్యూమ్ పెట్టి, లీకు లేదనడానికి గుర్తుగా ముల్లు కదలకుండా నిలబడిందని చూశాక, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్నట్టు 450 గ్రాములు తూచి ఎక్కించాడు. ఏ షాపుకి వెళ్ళినా ఈ వాక్యూమ్, ఈ తూకం ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంట్లో మనమే చూసుకోగలిగింది కూడా ఉంది. ఏసీ వేయగానే బానెట్ కింద, రేడియేటర్ దగ్గరున్న ఫ్యాన్ తిరుగుతోందా చూడండి, చెయ్యి మాత్రం దగ్గర పెట్టొద్దు, ఆగి ఉన్న ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ చూడండి, చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. నాది తీస్తే దుమ్ము గడ్డకట్టి ఉంది, వేపాకులు కూడా ఉన్నాయి. గ్యాస్ గొట్టాలు మాత్రం సొంతంగా విప్పొద్దు. లోపలిది ద్రవంగా చిమ్మితే చర్మం గడ్డకట్టి కాలినట్టు అవుతుంది, కళ్ళలో పడితే మరీ ప్రమాదం.

మొన్న శనివారం అమ్మతో మళ్ళీ వెళ్ళాను. అలిపిరిలో ఇరవై నిమిషాలు ఆగాం, ఏసీ చల్లగానే ఉంది. వెనక బండాయన దిగొచ్చి అద్దం మీద తట్టి, "అన్నా, కింద నీళ్ళు కారతా ఉండాయి, రేడియేటర్ పోయిందేమో చూసుకో" అన్నాడు. దిగి వేలితో తాకి చూశాను. రంగు లేదు, జిగురు లేదు, కూలెంట్ కాదు. లోపలి కాయిల్ మీద గాలిలోని తేమ పట్టి కారే నీళ్ళు, అంతే. "ఏసీ నీళ్ళన్నా, బాగా పని చేస్తా ఉండాది" అని చెప్పాను.