జేజి డబ్బాలో పాత షీటు

పొద్దున ఆరుకే జేజి తట్టి లేపింది. మోచేతుల మీద, నడుము చుట్టూ ఎర్రగా దద్దుర్లు. "ఐదు దినాల నుంచి దురద పెడతాందిరా. ఈ బీపీ బిళ్ళ మనది కాదు" అంది. నవ్వేశాను. పేరు అదే, పవరు అదే. తెల్లది పోయి పసుపుది వచ్చిందంతే. రంగు మారితే మందు మారుతుందా అని నా తెలివి.

జేజి ఊరుకోలేదు. తన బిస్కెట్ డబ్బా తెచ్చి (అందులో తాత కళ్ళద్దాలు కూడా ఉంటాయి) అయిపోయిన పాత షీటు నా చేతిలో పెట్టింది. ఆ అక్షరాలు కంటికి ఆనవు. ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదివాను. రెండింటి మీదా మందు 5 మిల్లీగ్రాములే. రెండింటి మీదా 'ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.' అని ఉంది. ఎక్సిపియెంట్స్ అంటే బిళ్ళలో అసలు మందు కాక కలిపే మిగతా సరుకు. క్యూ.ఎస్. అంటే లాటిన్‌లో 'కావలసినంత' అట. అమ్మ కూరలో ఉప్పుకు చెప్పే కొలత! కొత్తదాని మీద మాత్రం ఇంకో వరుస ఉంది: రంగు, టార్ట్రజీన్.

5 మిల్లీగ్రాములంటే వేలికి అంటదు. బిళ్ళలో మిగిలిందంతా పిండి, సెల్యులోజ్, పాలలో ఉండే లాక్టోజ్, మిషనుకు అంటుకోకుండా మెగ్నీషియం స్టియరేట్ లాంటివి. వీటిని పని చేయని పదార్థాలంటారు. ఆ మాటను మరీ నమ్మకూడదు. 1960ల చివర్లో ఆస్ట్రేలియాలో ఫిట్స్ మందు ఫెనిటోయిన్‌లో కాల్షియం సల్ఫేట్ తీసేసి లాక్టోజ్ కలిపారు. మందు మోతాదు మార్చలేదు. అయినా ఒంట్లోకి ఎక్కువ మందు ఎక్కి చాలామందికి విషమైంది. క్యాప్సూల్ తొడుగు సంగతి జేజికి చెప్పలేదు. అది ఎక్కువగా పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన జెలటిన్. శనివారం నీసు ముట్టని మనిషి.

ఏడురోడ్ల దగ్గర మెడికల్ షాపుకు పోతే, "అదే సాల్టన్నా, కంపెనీ వేరే. పాతది స్టాకు రాలేదు" అన్నాడు. అతన్ని ఏమనాలి? ఇచ్చినప్పుడు నేనూ చూసుకోలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే మొదటి మాటే, "మీ అంతట మీరు బీపీ బిళ్ళ ఆపొద్దు." తర్వాత వరసగా ప్రశ్నలు: ఆయాసం ఉందా, పెదాలు వాచాయా, ఆస్పిరిన్ పడుతుందా? టార్ట్రజీన్ పడనివాళ్ళు తక్కువేనట, ఆస్పిరిన్ పడనివాళ్ళలో కొంచెం ఎక్కువగా కనిపిస్తారట. "దద్దుర్లకు సవాలక్ష కారణాలు. రంగు లేనిది వాడి వారం చూద్దాం" అంది. పక్కనుంచి జేజి, "పెద్ద దర్గా ఉరుసులో జిలేబీ తిన్నప్పుడు కూడా ఇట్లే వచ్చిందని చెప్పు" అని అరిచింది. ఆ జిలేబీలో ఏ రంగు పోశారో ఎవరు చూడొచ్చారు. అయినా చెప్పాను.

మూడో షాపులో రంగు లేనిది దొరికింది. రాత్రి అన్నం తిన్నాక జేజి ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, పాత షీటు గుంతలో కూర్చోబెట్టి చూసింది. సరిపోయింది. మింగింది. గంటలో రెండుసార్లు దురద తగ్గిందా అని అడిగాను.

"ఒక్క పూటకేనా? పోయి పడుకో" అని కసిరింది. షీటును మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.