సెయింట్ థామస్ కాలేజీ వెళ్లిపోయాక ఎంఐఏసీ లెక్క

అమెరికాలోని మిన్నెసోటాలో చిన్న కాలేజీల ఆటల కూటమి ఎంఐఏసీ. 1920లో మొదలైంది. అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో ఇది డివిజన్ 3, అంటే మూడో శ్రేణి, కనుక ఆటల కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. మరి తేడా ఎక్కడొస్తుంది? విద్యార్థుల సంఖ్యలో, డబ్బులో. వ్యవస్థాపక సభ్యురాలైన సెయింట్ థామస్‌లో డిగ్రీ విద్యార్థులే ఆరు వేలు దాటారు. చాలా పొరుగు కాలేజీల్లో అందులో సగమైనా లేరు. 2017లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెయింట్ థామస్ మరో సభ్య కాలేజీ సెయింట్ ఓలాఫ్‌పై 97-0తో గెలిచింది.

2019 మేలో, పోటీలో సమతూకం లేదన్న కారణంతో, ఆ కాలేజీని సాగనంపాలని తేల్చారు. వందేళ్ల బంధాన్ని అలా తెంచడం నాకు కష్టంగానే అనిపిస్తుంది. మిగతావాళ్ల బాధా నిజమే. 2021లో సెయింట్ థామస్ ఎన్‌సీఏఏ ప్రత్యేక అనుమతితో నేరుగా పై శ్రేణి అయిన డివిజన్ 1కి, అందులోని సమిట్ లీగ్ కూటమికి వెళ్లింది.

ఖాళీలోకి డులూత్ నుంచి సెయింట్ స్కొలాస్టికా వచ్చింది, సభ్యులు మళ్లీ 13. కానీ అందరూ అన్ని ఆటలూ ఆడరు: సెయింట్ బెనెడిక్ట్, సెయింట్ క్యాథరిన్‌లవి మహిళా జట్లే, సెయింట్ మేరీస్‌కు ఫుట్‌బాల్ లేదు. మెకాలెస్టర్ ఫుట్‌బాల్ జట్టు కూడా తిరిగొచ్చి, ఫుట్‌బాల్ జట్ల లెక్క 10కి చేరింది. అందుకే అయిదేసి జట్లతో నార్త్‌వుడ్స్, స్కైలైన్ అని రెండుగా చీల్చారు. చివరి వారం రెండు వైపులా మొదటి స్థానంలో ఉన్నవాళ్లే టైటిల్ కోసం తలపడేలా ఏర్పాటు చేశారు.