నొప్పి నడుములో, లోపం తుంటిలో: గోల్ఫ్ ఆడే నా అనుభవం

నిన్న 18 హోల్స్ నడిచి ఆడాను, ఏడు నెలల తర్వాత. ఈ ఉదయం లేచి సాక్సులు నేనే వేసుకున్నాను. ఆ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడు నెలల్లో కనీసం మూడు నెలలు నాకు అనవసరంగా పోయాయి.

మొదట్లో చేసిన తప్పు చాలామంది చేసేదే. పొద్దున్నే వచ్చి, రెండుసార్లు క్లబ్ ఊపి, నేరుగా డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో, బలంగా కొట్టేవాణ్ణి. ఒకరోజు పదకొండో హోల్‌లో ఫాలోత్రూ (బంతిని కొట్టాక క్లబ్ ముందుకు సాగే కదలిక) చివర నడుము కింద కుడివైపు చురుక్కుమంది. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద బంతి తీయడానికి వంగితే మళ్లీ లేవలేకపోయాను. తోటి ఆటగాడు చంకల కింద చేతులు వేసి లేపాడు. మాత్రలు, వేడి కాపడంతో వారంలో తగ్గింది. ఆడాను, మళ్లీ పట్టేసింది. మూడోసారి స్కాన్ తీయించాను.

ఇక ఆ డాక్టర్ గది సంగతి. గంటన్నర కూర్చున్నాక పిలిచారు. ఆయన ఫిల్మ్‌ను లైటుకు పెట్టి చూస్తున్నారు, నా మొహం చూడలేదు. "వయసెంత?" అన్నారు. 52 అన్నాను. వారానికి రెండుసార్లు గోల్ఫ్ ఆడతానని కూడా చెప్పాను. ఆయన పక్కనున్న జూనియర్ వైపు తిరిగి, "బంతిని కొట్టి దాని వెనక నడవడానికి వెన్నుపూస పాడుచేసుకుంటున్నారు చూడండి" అన్నారు. ఇద్దరూ నవ్వారు. తలుపు తెరిచే ఉంది, బయట కూర్చున్నవాళ్లకూ వినిపించింది.

"స్వింగ్ చివర్లోనే వస్తోందండీ, మామూలుగా నడిస్తే రాదు" అని చెప్పబోయాను. చెయ్యి ఎత్తి ఆపేశారు. "రిపోర్టులో అంతా ఉంది. నాలుగు, అయిదు పూసల మధ్య డిస్క్ ఉబ్బింది. ఆట మానెయ్యండి, బెల్టు పెట్టుకోండి, మూడు వారాలు మంచం దిగకండి. తగ్గకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడదాం." అంతే. నన్ను వంగమనలేదు. పడుకోబెట్టి కాలు ఎత్తి చూడలేదు. కాలి బొటనవేలిలో బలం ఉందో లేదో చూడలేదు. నా నడుము మీద ఒక్క వేలు పెట్టలేదు.

ఆ మూడు వారాలూ మంచం మీదే ఉన్నాను. తర్వాత రెండు నెలలు బెల్టు తీయడానికి భయపడ్డాను. డిస్క్ ఉబ్బింది అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉండేది. తుమ్ము వస్తే టెన్షన్, కింద పడ్డ పెన్ను తీయాలంటే టెన్షన్. గోల్ఫ్ దిగ్గజం టైగర్ వుడ్స్ 2019లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు కదా అని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. కానీ దానికి ముందు ఆయన వెన్నుకు నాలుగు ఆపరేషన్లు జరిగాయి, నాలుగోది 2017లో పూసలను కలిపేసినది. అది గుర్తొస్తే నిద్ర పట్టేది కాదు.

నాకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. నొప్పి ఏమాత్రం లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా, వాళ్లలో సుమారు 60 శాతం మందికి డిస్క్ ఉబ్బినట్టు కనిపిస్తుంది. 2015లో ఇలాంటి స్కాన్ల అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చిన లెక్క ఇది. అంటే ఆ ఫిల్మ్‌లో కనిపించినదే నా నొప్పికి కారణం అని చెప్పడానికి లేదు. మామూలు నడుము నొప్పికి మంచం పట్టడం మేలు కన్నా కీడే చేస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసిన విషయాన్ని మర్చిపోవడం, మనిషిని ముట్టుకునైనా చూడకపోవడం నేను క్షమించలేను. డాక్టర్ల దగ్గరికి వెళ్లొద్దని నేను అనడం లేదు. కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మల మూత్రాల మీద పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. కానీ ముట్టుకుని చూసే డాక్టర్‌నే వెతుక్కోండి.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె స్కాన్ పక్కన పెట్టి బోర్లా పడుకోమన్నారు. మోకాళ్లు మడిచి, పాదాలను రెండు పక్కలకూ వాలనిచ్చారు. కుడి పాదం హాయిగా వాలింది. ఎడమది కొంచెం వెళ్లి ఆగిపోయింది. "సార్, మీ నొప్పి నడుములో ఉంది, లోపం ఎడమ తుంటిలో ఉంది" అన్నారు. కుడిచేతి వాటం ఆటగాడు బంతిని కొట్టాక ఒళ్లంతా ఎడమ తుంటి మీదే తిరగాలి. అది తిరగకపోతే ఆ పని నడుము మీద పడుతుంది. నడుములోని అయిదు పూసలూ కలిసినా ఒక్కో పక్కకు పది, పదిహేను డిగ్రీలకు మించి తిరగవు. తిరిగే పని తుంటిది, వీపు పైభాగానిది. నిజానికి బలంగా కొట్టిన స్వింగ్‌లో నడుము కింది భాగం మీద ఒంటి బరువుకు ఎనిమిది రెట్ల దాకా ఒత్తిడి పడుతుంది. పైగా ఆ క్షణంలో మనం కుడి పక్కకు వంగి తిరుగుతాం, అందుకే చాలామందికి నొప్పి కుడివైపే వస్తుంది.

వ్యాయామాలు మూడే. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాపడం, తర్వాత మార్చడం. పక్కకు మోచేతి మీద ఆనుకుని నడుము ఎత్తి ఉంచడం. పక్కకు పడుకుని మోకాళ్లు కదపకుండా పై చేతిని వెనక్కి తెరవడం. వీటితోపాటు తుంటి సాగదీయడం. పది వారాలు ఒక్కరోజు కూడా మానలేదు, ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటాను. బెల్టు మూడో రోజే బీరువాలో పెట్టాను.

స్వింగ్‌లో మార్పులు కోచ్ చెప్పారు. ఎడమ పాదం వేళ్లను కొంచెం బయటికి తిప్పి నిలబడాలి. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు, ఎడమ మడమ లేవనివ్వాలి. మడమ లేపితే పాతకాలం ఆట అని కొందరు చిన్నచూపు చూస్తారు. పాతతరం దిగ్గజం జాక్ నిక్లాస్ మడమ లేపే 18 మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) గెలిచారు. కొట్టాక వెనక్కి విల్లులా వంగకుండా నిటారుగా నిలబడాలి.

తిరిగి మొదలుపెట్టినప్పుడు పట్టింగ్ (పట్టర్ అనే క్లబ్‌తో బంతిని మెల్లగా హోల్‌లోకి నెట్టడం) తేలిక అనుకున్నాను. అరగంట వంగి నిలబడేసరికి అదే ఎక్కువ నొప్పి పెట్టింది. పది నిమిషాలకోసారి నడవండి. తర్వాత క్లబ్బుల వరస: దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్‌తో సగం స్వింగ్, తర్వాత మధ్య దూరాలకు ఏడో నంబర్ ఐరన్, అన్నిటికన్నా చివర డ్రైవర్. బ్యాగు ఒక భుజానికి వేసుకోవడం మానేసి తోపుడు ట్రాలీ తీసుకున్నాను. హోల్‌లో బంతి తీసేటప్పుడు పట్టర్ ఆనుకుని ఒక కాలు వెనక్కి లేపుతాను.

ఎల్లుండి మళ్లీ ఆట ఉంది. పావుగంట ముందే వెళ్లి ఒళ్లు వేడెక్కించుకుంటాను. డ్రైవర్ బ్యాగులోనే ఉంటుంది, మూడు హోల్స్ అయ్యేదాకా బయటికి తియ్యను.