గోతిలోకి దిగడానికి కొండెక్కుతున్నా

అక్టోబర్‌లో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయకి వెళ్తున్నా. పైనుంచి చూసి ఫొటోలు దిగి వచ్చేయడం కాదు, బ్యాగు వీపున వేసుకుని కింద కొలరాడో నది దాకా దిగి, టెంట్లో పడుకుని, మళ్ళీ ఎక్కి రావడం. ఫీనిక్స్‌లో ఉండే మా అక్క కూతురు ఇద్దరికీ ఓ గుంపుతో బుక్ చేసేసింది, గుంపులో అందరూ ఆడవాళ్ళే, గైడ్లు కూడా. లోపల రాత్రి టెంట్ వేయాలంటే పార్కు వాళ్ళ పర్మిట్ ఉండాలి, ఆ తంటా గైడ్లు పడతారు కాబట్టి నాకు మిగిలింది కాళ్ళ పని.

పక్కింటి పెద్దమ్మకి చెప్తే "ఏటమ్మా, అంత దూరం ఎల్లి గోతిలోకి దిగుతావేటి" అంది. నిజానికి చిక్కంతా అక్కడే ఉంది. కొండైతే ఓపికున్నప్పుడు ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం, ఇక్కడంతా రివర్సు. సౌత్ కైబాబ్ దారిలో సుమారు 11 కిలోమీటర్లు, నిలువుగా 1,400 మీటర్ల పైనే హుషారుగా దిగిపోతాం, ఎక్కేది మాత్రం పట్టేసిన పిక్కలతో, బ్రైట్ ఏంజెల్ దారిలో, అది ఇంకా పొడుగు.

అందుకే ఆదివారాలు తెల్లారకుండానే శ్రీకాకుళం నుంచి బండి మీద శాలిహుండం వెళ్తున్నాం నేనూ మా ఆయనా. కొండ చిన్నదే, ఒకసారి ఎక్కితే లెక్కలోకి రాదు, ఎక్కి స్తూపం దగ్గర ఒక్క క్షణం వంశధార చూసుకుని దిగి మళ్ళీ ఎక్కుతా, బ్యాగులో బియ్యం, నీళ్ళ బాటిళ్ళు. ఆయన పైన నీడలో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. ఎక్కడం కంటే దిగేటప్పుడే మోకాళ్ళకి తెలుస్తోంది. వేళ్ళు ముందుకి తన్నుకుని గోళ్ళు నల్లబడిపోతాయట, బూట్లు కాస్త పెద్ద సైజు తీసుకుని గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోమన్నారు.

ఇక ఎండ. అరసవల్లి పక్కన పెరిగినదానికి ఎండేం లెక్క అంటాడు మా ఆయన. కానీ మనది ఉక్కపోత, చెమట జాకెట్టుకి అతుక్కుని కనిపిస్తుంది, అక్కడ గాలి ఎంత పొడంటే చెమట పట్టినట్టే తెలీకుండా ఆరిపోతుంది, ఒంట్లో నీళ్ళు పోతున్నాయని తల తిరిగాకే తెలుస్తుంది. సౌత్ కైబాబ్ దారిలో తాగడానికి నీళ్ళే ఉండవు, అంతా మోసుకోవాల్సిందే, లీటరంటే కిలో బరువు మరి. పోనీ ఉత్త నీళ్ళే తాగుతూ కూర్చున్నా డేంజరే, ఒంట్లో ఉప్పు పడిపోతుంది. ఈ విషయంలో మాత్రం మనం రాజులం, పలాస జీడిపప్పు ఉప్పూకారం వేసి వేయించినవి, జంతికలు, ఉప్పు వేరుశనగలు! క్యాంపులో ఉడతలు బ్యాగులు కొరికేస్తాయట, తిండంతా ఇనప డబ్బాల్లో పెట్టాలంట, నా జీడిపప్పు గురించే దిగులు.

మా గుంపు వీడియో కాల్‌లో టాయిలెట్ సంగతి ఒకావిడ సూటిగా అడిగేసింది, మగాళ్ళుంటే సగం మందిమి మింగేసేవాళ్ళం. టాయిలెట్ లేనిచోట నీటికి 60 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వుకోవాలి, వాడిన పేపరు, ప్యాడ్లు పూడ్చకూడదు, జిప్ కవర్లో కట్టుకుని పైకి తెచ్చేయాలి.

చలికోటు ఇంకా కొనలేదు, లోయ అంచు మీద అక్టోబర్ రాత్రుళ్ళు సున్నాకి దగ్గరగా పడిపోతుందట, కింద మాత్రం వెచ్చగానే ఉంటుంది. వైజాగ్ వెళ్ళినప్పుడు చూడాలి. అమ్మేమో ఆవకాయ సీసా పెట్టుకోమంటోంది, అక్క కూతురేమో "పిన్నీ, గాజు సీసా వద్దే వద్దు" అంటోంది, చిన్న ప్లాస్టిక్ డబ్బాకి బేరం కుదిరేలా ఉంది.