వెల్డింగ్ అనుభవాన్ని కోర్సుగా మలచడం

వెల్డింగ్ తనిఖీలో గడించిన అనుభవంతో ఆన్‌లైన్ కోర్సు తయారుచేయడానికి పూనుకున్నప్పుడు, తెలిసినదంతా చెప్పేయాలన్న ఆశను అదుపులో పెట్టుకోవడమే అన్నింటికన్నా కష్టమనిపించింది. అందుకే గాజువాక ఆటోనగర్‌లో పనిచేసే కుర్రవాళ్లు తరచుగా అడిగే ఒకే ప్రశ్నను తీసుకున్నాను: చూడడానికి చక్కగా ఉన్న అతుకు మరునాటికి ఎందుకు పగులుతుంది?

విశాఖ వంటి సముద్రతీరపు గాలిలో బయట వదిలేసిన 7018 ఎలక్ట్రోడ్ (అతుకు వేయడానికి వాడే పూత కడ్డీల్లో ఒక రకం) పూత తేమను పీల్చుకుంటుంది. ఆర్క్ (కడ్డీకి, లోహానికి మధ్య లేచే విద్యుత్ మెరుపు) వేడికి ఆ తేమ నుంచి విడివడిన హైడ్రోజన్ లోహంలోకి చేరి, ముఖ్యంగా మందపాటి ప్లేట్లలో, అతుకు చల్లారిన కొన్ని గంటల తరువాతనో, ఒకటి రెండు రోజులకో పగులు తెస్తుంది. ఎలక్ట్రోడ్లను ఓవెన్‌లో కాల్చి ఆరబెట్టడం, వాడేవరకు వేడిగా నిల్వ ఉంచడం, ప్లేటును ముందుగా వేడిచేయడం అనే మూడు పాఠాలు దీని నుంచే పుట్టాయి.

ఆర్క్‌ను నేరుగా చిత్రీకరిస్తే వెలుగు తప్ప మరేమీ కనబడదు కనుక, కెమెరా ముందు వెల్డింగ్ అద్దం తప్పనిసరి. అయినా నా దృష్టిలో బొమ్మకన్నా మాట స్పష్టంగా వినబడడమే ముఖ్యం. గ్రైండర్ హోరులో ఎంత మంచి పాఠమైనా వృథాయే.

ప్రచురణకు యూడెమీ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను ఎంచుకున్నాను. అక్కడ కనీసం 5 పాఠాలు, 30 నిమిషాల వీడియో ఉండాలి. బోధకుని సొంత కూపన్ లింకుతో జరిగిన అమ్మకంలో 97 శాతం, ఆ వేదిక ద్వారానే వచ్చిన అమ్మకంలో 37 శాతం బోధకునికి దక్కుతుంది కనుక, ప్రచారాన్ని వాళ్లకే వదిలేయడం తెలివైన పని కాదు. ఈ కోర్సు వెల్డర్ అర్హత పరీక్షకు ప్రత్యామ్నాయం కాదని పరిచయంలోనే రాశాను.