పొగగొట్టం ఉన్న గ్యాస్ గీజర్: హన్మకొండ ఇంట్లో పని ఎక్కడిదాకా వచ్చిందంటే

దసరా అయిపోయాక, చలి మొదలవక ముందు

మాది హన్మకొండలో పాత స్లాబు ఇల్లు. బాత్రూంకు అప్పట్లో వేసిన సన్న వైరే ఇంకా ఉంది. రెండు కిలోవాట్ల కరెంటు గీజర్ పెట్టాలంటే మీటరు దాకా కొత్త లైను లాగాలి, గోడలు చెక్కాలి. అమ్మకు హీటర్ రాడ్ అంటే భయం, ఆ భయం సబబే. వెనకటి రాగి బాయిలర్ అటక మీద ఉంది కానీ కట్టెలు ఎవరు తెస్తారు? అందుకని గ్యాస్ గీజర్ అనుకున్నాం. నాకు ఇంటి పనులు సొంతంగా చేసుకోవడం సరదా కాబట్టి దీన్ని ఈ చలికాలం ప్రాజెక్టుగా పెట్టుకున్నాను.

ఖర్చు లెక్క ముందే వేసుకున్నాను. 20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీలు పెంచాలంటే సుమారు 2,100 కిలోజౌళ్లు కావాలి. కిలో ఎల్పీజీలో 46,000 కిలోజౌళ్ల దాకా వేడి ఉంటుంది. అందులో ఐదో వంతు వృథా అయినా బకెట్‌కు 50 నుంచి 60 గ్రాముల గ్యాస్ సరిపోతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్‌కు దాదాపు 250 బకెట్లు. కరెంటుతో పోలిస్తే పెద్ద మిగులేమీ కాదు. డబ్బు ఆదా అవుతుందని గ్యాస్ గీజర్ కొనేవాళ్లు ఒకసారి లెక్క వేసుకుంటే మంచిది. మాకు కలిసొచ్చేది వైరింగ్ పని తప్పడం, కరెంటు పోయినా వేన్నీళ్లు రావడం.

మొదట చూడ్డానికి వచ్చిన మెకానిక్ రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "సార్, బాత్రూంలనే గోడకు తగిలిస్తే ఐపాయె. ఈ గొట్టాలు గిట్టాలు ఎందుకు? అందరిళ్లల్ల గట్లనే ఉన్నయ్."

నిజమే, అందరి ఇళ్లల్లో అలాగే ఉన్నాయి. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడుపోయే చిన్న గీజర్లకు పొగగొట్టమే ఉండదు. మండిన గ్యాస్ అంతా ఆ గదిలోకే వదులుతాయి. 20 నిమిషాలకు ఆగిపోయే టైమర్ ఒకటి పెడతారు, అంతే.

ఆ 20 నిమిషాల లెక్క చూద్దాం. మా బాత్రూం 5 అడుగుల వెడల్పు, 7 పొడవు, 9 ఎత్తు, అంటే తొమ్మిది ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు కిలో దాకా గ్యాస్ తాగుతుంది. కిలో ఎల్పీజీ పూర్తిగా మండడానికి 15 కిలోలకు పైగా గాలి కావాలి, అంటే 12, 13 ఘనపు మీటర్లు. 20 నిమిషాలకు నాలుగు ఘనపు మీటర్ల పైచిలుకు. తలుపు, వెంటిలేటర్ మూసుకుని స్నానం చేస్తుంటే గదిలో ఉన్న గాలిలో దాదాపు సగం మంటకే పోతుంది. అంతదాకా కూడా రానక్కర్లేదు. ఆక్సిజన్ నాలుగైదు శాతం పడిపోయేలోపే మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ రావడం మొదలవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, ఆ తర్వాత కుప్పకూలడం. లోపల గడియ పెట్టుకున్న మనిషి లేచి తలుపు తీసే ఓపిక కూడా ఉండదు.

గీజర్ పనిలో నీళ్లు వేడెక్కించడం తేలిక, కష్టమంతా పొగను బయటికి, గాలిని లోపలికి నడిపించడంలోనే ఉంది. బాత్రూంలో పెట్టేది లేదని ఆ మెకానిక్‌కు చెప్పేశాను. పొగగొట్టం తగిలించే మోడల్ కోసం చూడటం మొదలుపెట్టాను.

చోటు, కోతులు

చోటు వాష్ ఏరియాలో దొరికింది. బాత్రూం గోడ ఒకవైపు, వంటింటి గోడ ఒకవైపు, సందు వైపు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. పైన ప్లాస్టిక్ రేకు, గోడకూ రేకుకూ మధ్య ఇనుప జాలీ. హన్మకొండలో ఉన్నవాళ్లకు ఆ జాలీ ఎందుకో చెప్పక్కర్లేదు. కోతులు గిన్నెలే కాదు, సబ్బులు కూడా ఎత్తుకుపోతాయి. వాటి పుణ్యమా అని మా వాష్ ఏరియా బయటి చోటు కాస్తా సగం మూసిన గది అయింది. ఆరుబయటే కదా, గొట్టం ఎందుకు అనుకోవడానికి లేదు. పక్కనే వంటింటి తలుపు ఉంది.

పొగగొట్టాల్లో రెండు రకాలున్నాయి. ఫ్యాన్‌తో పొగను నెట్టే రకానికి సన్న గొట్టం చాలు, అడ్డంగా గోడలోంచి తీసేయొచ్చు. కానీ కరెంటు లేకపోతే ఆ గీజర్ వెలగదు. రెండోది వేడిగాలి తేలికై తనంతట తాను పైకి లేచే రకం. దీనికి గొట్టం లావుగా ఉండాలి, నిలువుగా ఎత్తు కావాలి. నేను రెండోది తీసుకున్నాను. ఇందులో చెకుముకి వెలగడానికి రెండు పెద్ద సెల్లులు వేస్తే చాలు.

అడ్డంగా తీసి సందులోకి వదిలేయడం సులువే. కానీ సందు అవతల ఐదడుగుల దూరంలో పక్కింటి వంటింటి కిటికీ ఉంది. మన ఇంట్లోంచి పంపిన పొగ వాళ్ల ఇంట్లోకి పోతే ఏం లాభం? కిటికీలకూ గొట్టం మూతికీ కనీసం నాలుగు అడుగులు ఉండాలని పెట్టుకుని, సందు వైపు గోడలోంచి బయటికి తీసి, అక్కడి నుంచి నిలువుగా స్లాబు దాటి రెండడుగులు పైకి తీసుకెళ్లాలని గీసుకున్నాను.

కూలర్ల షాపులో

గొట్టం కోసం ముందు హార్డ్‌వేర్ షాపులో అడిగితే పీవీసీ పైపు చూపించారు. ఇలాంటి గీజర్ పొగగొట్టానికి పీవీసీ పనికిరాదు, వేడికి మెత్తబడి వంగిపోతుంది. చివరికి కూలర్ల డబ్బాలు చేసే షాపుకు వెళ్లాను. చలికాలంలో వాళ్లకు పని తక్కువ, ఇలాంటి చిల్లర పనులు ఓపిగ్గా చేస్తారు. "ఏం పెడ్తున్నవ్ బిడ్డా, హోటలా?" అన్నాడు షాపు కాకా. గీజర్‌కని చెబితే నమ్మడానికి కాసేపు పట్టింది.

జీఐ రేకును, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకును, చుట్టి అంచులు మడిచి గొట్టాలు చేశాడు. కొలత గీజర్ మూతి కొలతే. ఎక్కడా సన్నబడకూడదు, ఒక్క ముక్క సన్నగా ఉన్నా పొగ అక్కడ ఆగి వెనక్కి తంతుంది. అతుకుల దగ్గర పై గొట్టం కింది గొట్టంలోకి దిగేట్టు కాకుండా, కింది గొట్టం పై గొట్టంలోకి దూరేట్టు చేద్దామన్నాడు కాకా. పొగ జారిపోవడానికి అదే మేలని అతని వాదన. నేను ఒప్పుకోలేదు. కిలో ఎల్పీజీ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. బయటి గొట్టం చల్లగా ఉన్నప్పుడు అది నీరై గోడల వెంట కిందికి కారుతుంది. పై ముక్క కింది ముక్కలోకి దిగితేనే ఆ నీళ్లు లోపలే ఉంటాయి, లేకపోతే ప్రతి అతుకు దగ్గరా బయటికి కారి గోడ మీద తుప్పు చారలు పడతాయి. కాకా తల పంకించి, చివర్లు నొక్కే మిషను తెచ్చి నేను చెప్పినట్టే చేశాడు. ప్రతి అతుకుకూ మూడు స్క్రూలు, పైన అల్యూమినియం టేపు.

గోడ బయట నిలువు గొట్టం అడుగున మూడు మూతులుండే ఒక టీ (T) ముక్క పెట్టించాను. దాని కింది మూతికి మూత, మూతకు చిన్న రంధ్రం. కారిన నీళ్లు అక్కడి నుంచి పోతాయి, ఏడాదికోసారి విప్పి చూసుకోవచ్చు కూడా. పైన వాన టోపీ. కోతులు పీకకుండా దాన్ని స్క్రూలతో పాటు ఇనుప తీగతో కట్టాను. టోపీకి సన్న జాలీ పెట్టలేదు, దుమ్ము పట్టి మూసుకుపోతుంది.

గోడకు రంధ్రం

గోడకు గుండ్రంగా రంధ్రం కోసే కోర్ కటింగ్ మిషను అద్దెకు తెచ్చాను. గీజర్ నెత్తి మీద గొట్టం రెండడుగులు నిలువుగా లేచాకే మొదటి వంపు వచ్చేట్టు గుర్తు పెట్టుకున్నాను. పొగకు మొదట ఆ ఊపు దొరకాలి. గోడలోంచి పోయే అడ్డం ముక్క బయటి వైపుకు కాస్త ఎత్తుగా ఉండాలి, అడుగుకు పావు అంగుళం చొప్పున. గోడలో కాస్త లావు జీఐ గొట్టం ముక్క బిగించి, దాని మధ్యలోంచి పొగగొట్టం పోనిచ్చాను. సందులను వేడి తట్టుకునే సిలికాన్‌తో నింపాను. ప్లాస్టిక్ రేకుకూ గొట్టానికీ ఎక్కడా ఆరంగుళాల కన్నా తక్కువ ఎడం లేదు.

అదే మిషనుతో సందు వైపు గోడలో నేలకు దగ్గరగా జాలీ కోసం వరసగా రంధ్రాలు వేసి, మిగతాది సుత్తితో కొట్టి అడుగు చదరం చేశాను. ఎల్పీజీ గాలి కన్నా బరువు. లీకైతే నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది కాబట్టి కింది జాలీ లేకపోతే పైన ఎంత తెరిచి ఉన్నా పోదు. మంటకు కావాల్సిన గాలి కూడా ఇక్కడి నుంచే వస్తుంది.

నల్లా పని మామూలే. వేన్నీళ్లకు వేడి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు, గీజర్ దగ్గర స్టీలు అల్లిక గొట్టాలు, చన్నీళ్ల వైపు వాల్వు. ట్యాంకు అడుగు నుంచి షవర్ దాకా పది అడుగుల ఎత్తు ఉంది, అంటే 0.3 బార్ ఒత్తిడి. ఇంతకన్నా తక్కువున్న ఇళ్లలో గీజర్ లోపలి స్విచ్చు కదలక మంట వెలగకపోవచ్చు.

గ్యాస్ లైను, లెవల్ పైపు

గ్యాస్ అతుకులు నేను ముట్టుకోలేదు, ఏజెన్సీ మెకానిక్‌తోనే చేయించాను. గోడలోంచి రాగి పైపు, రెండు చివర్లా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తున్న సురక్ష రబ్బరు గొట్టం. రబ్బరు గొట్టాన్ని గోడలోంచి దూర్చకూడదు, ఒకటిన్నర మీటరు దాటకూడదు. దాని మీద తేదీ మార్కర్‌తో రాశాను, ఐదేళ్లకు మార్చాలి. వాష్ ఏరియాలో నీళ్లు పోయే మోరీ జాలీ ఉంది కదా, సిలిండర్‌ను దానికి దూరంగా పెట్టించాను. లీకైన గ్యాస్ మోరీలోకి దిగితే ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

సబ్బు నురగ పరీక్ష అతను చేశాడు. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారట, వినడానికే ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత నా సరదా పని మొదలైంది. మేస్త్రీలు వాడే లెవల్ పైపు ముక్కను యూ ఆకారంలో స్కేలుకు కట్టి, సగం నీళ్లు పోసి, రంగు కోసం కాస్త కుంకుమ కలిపాను. మెకానిక్ లైనులో పెట్టిన టెస్టు మూతికి ఒక చివర తగిలించాడు. మన ఇళ్ల రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు, అంటే సరిగ్గా 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు. ఏమీ వెలిగించనప్పుడు తేడా 33 దగ్గర నిలిచింది. గీజర్ వెలిగిస్తే 29కి దిగింది. తర్వాత రెగ్యులేటర్ కట్టేసి, లైనులో ఉన్న ఒత్తిడిని చూస్తూ కూర్చున్నాం. పావుగంట గడిచినా ఎర్ర నీళ్లు గీత దగ్గర నుంచి కదల్లేదు. "ఇది మస్తుందన్నా, నేనూ ఒకటి చేసుకుంట" అన్నాడు మెకానిక్. సబ్బు నురగకు అందని సన్న లీకు కూడా ఇందులో కనబడుతుంది.

అగరుబత్తి పరీక్ష

గొట్టం బిగించామంటే పొగ దాంట్లోంచే పోతుందని కాదు. ఇంట్లో ఉన్న తలుపులన్నీ మూసి, గీజర్ ఐదు నిమిషాలు నడిపి, గీజర్ పైన పొగను గొట్టంలోకి లాగే మూతి అంచున అగరుబత్తి పట్టుకోవాలి. మొదట పొగ గీతలా లోపలికి వెళ్లిపోయింది. తర్వాత అమ్మను వంటింట్లో చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టమన్నాను. అగరుబత్తి పొగ ముందు వణికింది, తర్వాత నా మొహం వైపు తిరిగింది. చేతిలో ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం అంకె సున్నా నుంచి 20 దాటి ఎక్కుతుంటే గీజర్ ఆపేశాను.

వంటింటి చిమ్నీ లాగే గాలి ఎక్కడి నుంచో రావాలి కదా. తలుపు కింది సందులోంచి వాష్ ఏరియా గాలిని లాగుతోంది, దాంతో పొగగొట్టం తలకిందులుగా పనిచేస్తోంది. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఇదే చేయగలదు. విరుగుడుగా వంటింటి తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేశాను, కింద బ్రష్ పట్టీ బిగించాను, వంటింటి కిటికీకి పైన మూయడానికి వీల్లేని జాలీ పెట్టించాను. సందు గోడ పై జాలీకి కప్పిన పాత ఫ్లెక్సీ తీసేశాను. మళ్లీ చిమ్నీ పెట్టి చూస్తే పొగ లోపలికే పోయింది, అంకె సున్నా దగ్గరే ఉంది.

అలారాల గురించి ఒక మాట. గ్యాస్ లీక్ అలారం వేరు, మోనాక్సైడ్ అలారం వేరు. ఎల్పీజీది నేలకు అడుగు లోపు ఎత్తులో పెట్టాలి. మోనాక్సైడ్ బరువులో దాదాపు గాలితో సమానం కాబట్టి, దాని అలారం మనిషి ముక్కు ఎత్తులో, గీజర్‌కు మరీ దగ్గర కాకుండా పెట్టాలి. మాది 50 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 50 వంతులు) దగ్గర గంట దాటాక, 300 దగ్గర మూడు నిమిషాల్లోపే మోగే రకం. పక్కనే గోడ మీద 1906 అని పెద్ద అంకెలతో రాశాను, గ్యాస్ లీకైతే చేయాల్సిన నంబరు.

సంక్రాంతి ముందు

ప్రస్తుతం రోజూ వాడుతున్నాం. మంట నీలంగా ఉంది, అయినా నీలం మంటను చూసి ధీమాగా ఉండను, అలారం అంకె చూసే నమ్ముతాను. టీ ముక్క రంధ్రంలోంచి పొద్దున పూట నాలుగు చుక్కలు కారుతున్నాయి, అతుకుల దగ్గర తడి లేదు. కోతులు టోపీని ఒకసారి పరీక్షించి వెళ్లాయి, కాస్త వంగింది కానీ ఊడలేదు.

మిగిలిన పనులు: మా బోరు నీళ్ల ఉప్పు గీజర్ లోపలి రాగి గొట్టాలకు పడుతుంది, కాబట్టి చన్నీళ్ల వైపు మున్సిపల్ నీళ్ల ట్యాంకు నుంచి లైను మార్చాలి. వానలకు ముందు టోపీ మందమైన రేకుతో మళ్లీ చేయించాలి. పై వాటాలో అద్దెకున్నవాళ్ల బాత్రూంలో గొట్టం లేని గీజర్ ఉంది. దాన్ని బాల్కనీలోకి మార్చేందుకు ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం కొలతలు తీసుకోవాలి, అందాకా బకెట్లు నింపుకుని గీజర్ కట్టేశాకే స్నానానికి వెళ్లమని చెప్పాను.