రెండు కాలేజీలు, ఒక దవడ పన్ను

మా అమ్మాయికి బీడీఎస్ సీటు ఒకే వారంలో రెండు చోట్ల వచ్చింది. మొదటిది రాష్ట్ర కౌన్సెలింగ్‌లో, అనకాపల్లిలోని మా ఇంటి నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక ప్రైవేటు దంత వైద్య కళాశాలలో. రెండోది అఖిల భారత కోటా రెండో విడతలో, విశాఖ నుంచి రైలులో దాదాపు 880 కిలోమీటర్లు వెళ్లవలసిన కోల్‌కతాలో, డాక్టర్ ఆర్. అహ్మద్ డెంటల్ కాలేజీలో. ఇక్కడిది కన్వీనర్ కోటా, అక్కడిది ప్రభుత్వ కళాశాల కనుక ఫీజు రెండు చోట్లా మా శక్తికి మించినది కాదు. కోల్‌కతాలో చేరితే రాష్ట్ర కౌన్సెలింగ్‌ను ఇక మరచిపోవాలి; చేరకపోతే కట్టిన 10,000 రూపాయల డిపాజిట్ వదులుకోవాలి. గడువు వారం రోజులు కూడా లేదు.

మా వారు ఆర్టీసీలో కండక్టరు. ఆయన మొదటి నుంచీ దగ్గరి కాలేజీ పక్షమే. ఎక్కడ చదివినా అదే బీడీఎస్, అదే నాలుగేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, రేపు బోర్డు కట్టుకునేది అనకాపల్లిలోనే కదా అన్నది ఆయన వాదన. అందులో తప్పు పట్టడానికి నాకు ఏమీ కనిపించలేదు. బంధువులు మాత్రం ఎంబీబీఎస్ తప్పిపోయినందుకు పరామర్శకు వచ్చినట్టు వచ్చి, టీ తాగి, పళ్ల డాక్టరైనా డాక్టరే కదా అని ఓదార్చి వెళ్లారు. రెండు కాలేజీలూ కళ్లతో చూశాకే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇద్దామని నేను పట్టుబట్టాను. ఆ సర్టిఫికెట్లు పెట్టిన నీలం రంగు ఫైలు ఆ వారమంతా నా భుజం సంచీలోనే ఉంది. రాత్రి పడుకునేటప్పుడు కూడా దాన్ని తలగడ పక్కనే పెట్టుకున్నాను.

జిల్లా పరిషత్ పాఠశాలలో లెక్కలు చెప్పే నాకు దంత వైద్య కళాశాల మంచి చెడ్డలు ఎలా తెలుస్తాయి? భవనం చూసి చెప్పలేను, వాళ్లు అచ్చు వేయించిన రంగుల పుస్తకం చూసి అసలే చెప్పలేను. అయితే నా ఎడమ వైపు కింది దవడ పన్ను రెండేళ్లుగా పుచ్చి ఉంది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది, ఇవాళా రేపూ అంటూ వాయిదా వేస్తున్నాను. రెండు చోట్లా ఓపీ చీటీ రాయించుకుని పేషెంటుగా కుర్చీలో కూర్చుంటే సగం సంగతి తెలిసిపోతుందనిపించింది. మా అమ్మాయి నవ్వింది గానీ కాదనలేదు.

దగ్గరి కాలేజీకి ఒక బుధవారం వెళ్లాం. రోడ్డు దిగగానే తోట, ఫౌంటెన్, నున్నటి నాపరాళ్లు. లోపల ఏసీ హాలులో వరుసగా 40 కుర్చీలు ఉన్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఉదయం పదకొండు గంటలకు వాటిలో పేషెంట్లు కూర్చున్నవి ఆరు, నేను కూర్చున్నాక ఏడు. నాలుగో ఏడాది చదువుతున్న ఒక అబ్బాయి నన్ను చూశాడు. ఎంతో మర్యాదస్థుడు, ప్రతి మాటకూ ముందు 'ఆంటీ' అంటూ, అద్దం నోట్లో పెట్టే ముందు నొప్పి ఉండదని రెండుసార్లు చెప్పాడు. నాకు నొప్పి కలగలేదు గానీ ఆ అద్దం కాడ నా కింది పళ్లకు తగిలి సన్నగా టకటకలాడింది. పక్కనే నిలబడిన మేడమ్ ఎక్స్‌రే తీయించి, పుచ్చు లోతుగానే ఉందనీ, నరం దాకా పోలేదు కనుక ఫిల్లింగ్ సరిపోతుందనీ చెప్పారు. ఆవిడ అటు వెళ్లగానే, వాళ్లకు రోజూ ఎంతమంది పేషెంట్లు వస్తారని ఆ అబ్బాయిని అడిగాను. 'ఈ వారంలో నాకు మీరు మూడోవారు ఆంటీ. ఊళ్లలో క్యాంపు పెట్టి బస్సులో తీసుకొచ్చిన రోజున కాస్త ఎక్కువ మంది ఉంటారు' అన్నాడు.

ఆ మేడమే మా అమ్మాయిని మొదటి సంవత్సరం ల్యాబుకు తీసుకువెళ్లి, మైనం దిమ్మను చిన్న కత్తితో చెక్కి పన్ను ఆకారం తేవడం ఎలాగో ఓపికగా చూపించారు. మా పిల్ల చిన్నప్పుడు నేను బడి నుంచి తెచ్చే సుద్దముక్కలను గుండుసూదితో చెక్కి గణపతులను చేసేది. ఆ దిమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. బయటకు వచ్చాక, ఇక్కడ చదువు చెప్పేవాళ్లు మంచివాళ్లే అంది. ఇంటికి ఫోన్ చేస్తే మా వారు, అయితే కోల్‌కతా దాకా ఎందుకు, ఫైలు ఇచ్చేసి రమ్మన్నారు. నేను ఫైలు సంచీలోంచి తీయలేదు.

మర్నాడు రాత్రి విశాఖలో రైలెక్కాం. చిలక సరస్సు చీకట్లోనే దాటిపోయింది. ఖరగ్‌పూర్ వెళ్లవలసిన ఒక పెద్దావిడ మా ఎదుటి బెర్తులో ఉన్నారు. వాళ్ల తాతగారు రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయారట. ఆ ఊళ్లో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆవిడ తెలుగులో శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు గానీ, మధ్య మధ్య వాక్యం చివర బెంగాలీ 'తో' వచ్చి చేరుతుంది. ఆడపిల్లను అంత దూరం పంపడం గురించి నేను అడగకుండానే, 'మేం మూడు తరాలు పెరిగాం తో, మీ పిల్ల నాలుగేళ్లు ఉండలేదా?' అని గద్దించినట్టే అన్నారు.

హౌరాలో దిగాక టాక్సీ వెతుక్కోకుండా మెట్రో ఎక్కాం. హుగ్లీ నది అడుగు నుంచి సొరంగంలో వెళ్లే ఈ మార్గాన్ని ఆ నెలకు ముందు నెలలోనే, 2025 ఆగస్టులో, శియాల్దాతో కలిపారు. నది కింద ఉన్నంతసేపూ సొరంగం గోడల మీద నీలం దీపాలు కనిపిస్తాయి. అది ఒక నిమిషంలోపే అయిపోతుంది. ఒకప్పుడు హౌరా వంతెన మీద గంటసేపు ఇరుక్కునేవాళ్లమని పక్కనున్నాయన హిందీలో చెబుతుండగానే శియాల్దా వచ్చేసింది. అక్కడి నుంచి కాలేజీ నడిచి వెళ్లగలిగేంత దూరమే. దసరాకు వారం ముందు కావడంతో దారి పొడుగునా వెదురు బొంగులతో పూజా పందిళ్లు లేస్తున్నాయి.

ఆ కాలేజీ కథ నేను ప్రయాణానికి ముందే చదువుకున్నాను. రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంత వైద్య పట్టా పుచ్చుకుని, తిరిగి వచ్చి 1920లో దీన్ని స్థాపించారు. మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీ ఇదే. దాని ఖర్చుల కోసం ఆయన కోల్‌కతాలో 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' పేరుతో ఒక దుకాణం నడిపారు. పళ్లు పుచ్చడానికి కారణమయ్యే తీపి సోడాల మీద వచ్చిన డబ్బుతో పళ్ల వైద్యం నేర్పించారన్న మాట నాకు భలే నచ్చింది. మహమ్మదలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా చదివింది ఇక్కడే. 1949లో అహ్మద్ కాలేజీని ప్రభుత్వానికి అప్పగించారు, 1964లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24ను దేశంలో దంత వైద్యుల దినోత్సవంగా జరుపుకుంటారు. ఇదంతా గొప్ప విషయమే గానీ, వందేళ్ల చరిత్ర నా పన్నుకు ఫిల్లింగ్ చేయదు కదా అనుకుంటూ ఓపీ వరుసలో నిలబడ్డాను.

నా ముందు వరుసలో ఎంతమంది ఉన్నారో లెక్క తేలలేదు, ఎందుకంటే వరుస మెట్ల దగ్గర మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. శియాల్దాకు వచ్చే లోకల్ రైళ్లు పల్లెలన్నిటినీ తెచ్చి ఇక్కడ దింపుతాయి. బొంగావ్ వైపు నుంచి తెల్లవారుజామునే బయలుదేరిన ఒక ముసలమ్మ, తమలపాకుతో ఎర్రబడిన నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని, దవడ వాపును నాకు చేత్తో చూపించింది. క్యానింగ్ నుంచి వచ్చిన చేపలవాడికి బుగ్గ లోపల తెల్ల మచ్చ. మా అమ్మాయి వాళ్ల నోళ్లలోకి తొంగి చూస్తుంటే కళ్లతో వారించాను గానీ ప్రయోజనం లేకపోయింది.

నా వంతు వచ్చేసరికి రెండున్నర గంటలైంది. కుర్చీ పక్కన ఇనుప చువ్వకు గుచ్చిన చీటీలు జానెడు ఎత్తున ఉన్నాయి. హౌస్ సర్జన్ అమ్మాయి వయసు మా పిల్లకంటే ఓ అయిదేళ్లు ఎక్కువుంటుందేమో. అద్దంతో బుగ్గను పక్కకు తీసి, అద్దం కాడతో పన్ను మీద రెండుసార్లు తట్టి, రాత్రిళ్లు నొప్పి వస్తుందా అని హిందీలో అడిగింది. రాదన్నాను. అంతే, అక్కడ ఎక్స్‌రే చూసి మేడమ్ చెప్పిన మాటనే ఈ పిల్ల చెప్పింది; ఎక్స్‌రేకు రాసిచ్చింది గానీ అది తనకు నిర్ధారణ కోసమే. ఆ అద్దం నా నోట్లో ఉన్నట్టే నాకు తెలియలేదు. ఫిల్లింగుకు పది రోజుల తర్వాతి తేదీ వేసి చీటీ చేతికిచ్చి, నేను లేచేలోపే వెనకనున్న ముసలమ్మను పిలిచింది.

మా మాటలు విని సాలూరు వైపు నుంచి వచ్చి మూడో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి పలకరించింది. మట్టి కప్పుల్లో టీ తాగుతూ నేను హాస్టలు, తిండి, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఇవన్నీ అడిగాను. మొదటి ఆరు నెలలు ఆవనూనె వాసనకు అన్నం సహించక నాలుగు కిలోలు తగ్గిందట. అంతకంటే కష్టం భాష. 'పేషెంటు ఏడుస్తూ ఏదో చెబుతుంటే అర్థం కాకపోవడం కన్నా నరకం లేదాంటీ' అంది. మా పిల్ల అప్పటికే నోట్‌బుక్కు తీసింది. 'అక్కా, నోరు తెరవండి అని ఎలా చెప్పాలి?' 'హాఁ కొరున్.' నొప్పి అంటే బేథా, పన్ను అంటే దాఁత్, పుక్కిలించండి అంటే కుల్‌కుచి కొరున్. ఆ పేజీ నిండేదాకా రాసుకుంది.

ఆ అమ్మాయి క్లాసుకు వెళ్లిపోయాక మేమిద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. దగ్గరి కాలేజీ వాళ్ల మంచితనం, మా వారి మాట, నాలుగు కిలోలు తగ్గిన పిల్ల, అన్నీ నా బుర్రలో తిరుగుతున్నాయి. ఏం చేద్దామని నేను అడగబోయేలోపే మా అమ్మాయి చెయ్యి చాచి, 'ఫైలు ఇలా ఇయ్యమ్మా' అంది. కౌంటరులో గుమాస్తా ఒక్కొక్క కాగితం తిరగేసి టిక్కు పెట్టి రసీదు ఇచ్చేదాకా నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సంచీ ఒక్కసారిగా తేలికైపోయింది, నాకది ఏమీ బాగుండలేదు. ఫోన్‌లో మా వారు చాలాసేపు ఊరుకుని, తిరుగు ప్రయాణానికి కింది బెర్తు దొరికిందా అని మాత్రం అడిగారు.

కోల్‌కతాలో ఫిల్లింగుకు ఇచ్చిన తేదీకి నేను అక్కడికి వెళ్లగలిగేది లేదు కాబట్టి, తర్వాతి సోమవారం మళ్లీ ఆ దగ్గరి కాలేజీకే వెళ్లాను. అదే అబ్బాయి నన్ను గుర్తుపట్టి ఎదురొచ్చి, తువ్వాలు మెడకు కడుతూ, 'మీ అమ్మాయి మా కాలేజీలోనే చేరిందా ఆంటీ?' అని సంబరంగా అడిగాడు. చేరలేదు బాబూ అని చెప్పి నోరు తెరిచాను.